వేగ పరిమితి చరిత్రము: పరదేశమున వాహనము నడపువారి ధర్మము

హద్దు అనగా నేమో జహీరాబాదు ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రమందలి బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలును, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలును ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. బీదరు పట్టణము మైసూరు రాష్ట్రమునకు పోయినది. నాటినుండి చుట్టరికమునకో, బేరమునకో బీదరు పోవువాడు మరియొక రాష్ట్రములో అడుగు పెట్టుచున్నాడు. చేలు ఒక తీరే, ఎండ ఒక తీరే. కాని బండి పన్ను వేరు, పోలీసు వేరు. హద్దు దాటినవాడు అవతలివారి నియమమును పాటింపవలెనను సంగతి ఇచటివారికి పుస్తకములలో చదివి నేర్చుకొనినది కాదు.

నేడు ఈ ప్రాంతపు బిడ్డలు అంతకంటె దూరపు హద్దులను దాటుచున్నారు. పుణెనుండి మచిలీపట్నమునకు పోవు 65వ నెంబరు జాతీయ రహదారి జహీరాబాదు మీదుగనే సాగుచున్నది. ఆ రహదారిపై లారీయో, కారో నడుప నేర్చినవారిలో కొందరు సౌదీ అరేబియాకును, దుబాయికిని డ్రైవర్లుగ పోవుచున్నారు. చదువుకొన్నవారు అమెరికాలోను, ఐరోపాలోను సొంత కార్లు నడుపుచున్నారు. పెట్టెలో పచ్చడి సీసాలతో పాటు ఇచటి రహదారి అలవాట్లును వారి వెంట పోవును. పచ్చడి మంచిదే. అలవాట్లలో కొన్నిటిని మాత్రము విమానాశ్రయముననే విడిచిపోవుట మేలు. ఆ దేశములలో వేగమునకు హద్దు ఎట్లేర్పడెనో, హద్దు మీరినవానికి ఏమి జరుగునో తెలిసికొనుట పోవువారికిని, వారిని పంపి ఇంటివద్ద ఎదురుచూచువారికిని ఉపయోగకరము.

బండి తోలువాని బాధ్యత నూతనముగ పుట్టిన విషయము కాదు. మనుస్మృతి అనేక విషయములందు నేటివారికి సమ్మతము కాకపోయినను, దాని ఎనిమిదవ అధ్యాయమున బండి ప్రమాదములను గూర్చిన విచారణ గమనింపదగినది. ముకుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసు విరిగినను, తొలగిపొండని తోలువాడు కేకవేసినను దండన లేదని అందు చెప్పబడినది. నేర్పులేని వానిని కూర్చుండబెట్టినందున హాని కలిగినచో యజమానికి రెండువందల పణముల దండన. తోలువాడు నేర్పరియై యుండియు హాని చేసినచో దండన వానిదే. దైవికమును, అజాగ్రత్తయు వేరు వేరని మన పూర్వులు గ్రహించిరనుటకు ఇది సాక్ష్యము.

వేగమునకే జరిమానా విధించిన పాత శాసనములలో నొకటి అమెరికాలో కానవచ్చును. నేటి న్యూయార్కు నగరము నాడు డచ్చివారి వలసయై న్యూ ఆంస్టర్‌డాం అను పేరుతో నుండెను. 1652లో అచటి అధికారులు వీధులలో బండ్లను దౌడు తీయించరాదనియు, తీయించినవారు జరిమానా చెల్లింపవలెననియు ఉత్తరువు చేసిరి. అప్పటికి మోటారు లేదు. గుఱ్ఱపు బండి కూడ ఇరుకు వీధిలో పిల్లలకు మృత్యువు కాగలదని వారు తలచిరి.

ఆవిరి యంత్రముతో నడచు బండ్లు వచ్చిన పిమ్మట ఇంగ్లండులో 1861లో ఒక చట్టమును, 1865లో మరియొక చట్టమును పుట్టినవి. రెండవ దానిప్రకారము ఊరి వెలుపల గంటకు 4 మైళ్లు, ఊరిలోపల 2 మైళ్లు మాత్రమే పోవలెను. బండికి 60 గజముల ముందు ఒక మనుష్యుడు ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. గంటకు 2 మైళ్లనగా మనుష్యుని నడకకంటెను తక్కువ. ఈ చట్టము భయమునుండి పుట్టినదే గాని లెక్కనుండి పుట్టినది కాదు. 1896 జనవరిలో కెంటు జిల్లాలో వాల్టర్ ఆర్నాల్డు అనునతడు 2 మైళ్ల హద్దుగల చోట 8 మైళ్ల వేగమున మోటారు నడపగా, ఒక పోలీసు సైకిలుపై వెంటాడి పట్టుకొనెను. వేగమునకై అతనికి పడిన జరిమానా ఒక షిల్లింగు. ఆ సంవత్సరాంతముననే హద్దు 14 మైళ్లకు పెరిగినది. 1903 చట్టముచే 20 మైళ్లైనది. అమెరికాలో కనెక్టికటు రాష్ట్రము 1901లో ఊరిలో 12 మైళ్లు, వెలుపల 15 మైళ్లు అని శాసించెను.

ఇంతవరకు చదివినవారికి హద్దులనునవి పాతకాలపు వెఱపులే గాని వేరు కావని తోచవచ్చును. బ్రిటను ప్రభుత్వమునకు కూడ ఒకప్పుడు అట్లే తోచినది. 1930లో వారు కార్లకు వేగ పరిమితిని పూర్తిగ తీసివేసిరి. ఫలితము లెక్కలలో తేలినది: 1934లో ఆ చిన్న దేశపు రహదారులపై 7,343 మంది మరణించిరి. నాటి కార్ల సంఖ్య నేటి సంఖ్యతో పోల్చిన స్వల్పము. అందుచే 1935 మార్చిలో ఇండ్లున్న ప్రదేశములందు 30 మైళ్ల హద్దు మరల విధింపబడినది. అది నేటికిని అనేక వీధులలో కలదు. హద్దును తీసివేసి, శవములను లెక్కించి, మరల హద్దును పెట్టుకొనిన ఈ అయిదేండ్ల చరిత్ర అన్ని దేశములకును పాఠము. ఎఱ్ఱజెండా చట్టము వాహనమునకు జడిసి చేసినది. 30 మైళ్ల చట్టము కాలినడకవానిని కాపాడుటకు చేసినది. నేడు లోకమున కానవచ్చు హద్దు బోర్డులు ఈ రెండవ తెగకు చెందినవి.

హద్దు పెట్టుట సులభము, కొలుచుట కష్టము. మొదట పోలీసు సైకిలు, పిదప చేతి గడియారము, రెండవ ప్రపంచ యుద్ధానంతరము రాడారు వచ్చినవి. నెదర్లాండ్సు దేశమున మోటారు పందెములలో పేరుగాంచిన మౌరిస్ గాట్సోనిడెస్, మలుపులలో తన కారు వేగమును తాను కొలుచుకొని మరింత వేగముగ పోవుటకై ఒక సాధనమును కల్పించెను. అదియే తరువాత పోలీసుల వేగ కెమెరాగ ప్రసిద్ధి కెక్కినది. వేగమును ప్రేమించినవాడు చేసిన పరికరమే వేగమును పట్టుకొనుటకు ఉపయోగపడుట చరిత్రలోని వింత. సౌదీ అరేబియాలో 2010లో కెమెరాల వ్యవస్థను నెలకొల్పి దానికి సాహెర్ అని పేరిడిరి. అరబ్బీలో ఆ మాటకు రాత్రి నిద్రపోక మేల్కొని యుండువాడని అర్థము. ఎడారి మధ్యమున అర్ధరాత్రి ఎవరు చూతురులే యనుకొనువానికి ఆ పేరే సమాధానము.

గల్ఫు దేశములలో జరిమానా బరువు ఎట్టిదో తెలుపుటకు ఒక ఉదాహరణము చాలును. ఐక్య అరబ్ ఎమిరేట్లలో 2017 జూలైనుండి అమలైన నియమములనుబట్టి హద్దుకంటె 20 కిలోమీటర్ల లోపుగ మీరినవానికి 300 దిర్హములు; 80 కిలోమీటర్లకు మించి మీరినవానికి 3,000 దిర్హములును, 23 నల్ల పాయింట్లును, బండికి 60 దినముల జప్తును విధింపబడును. 24 పాయింట్లు చేరినచో లైసెన్సు నిలిచిపోవును. ఆ 3,000 దిర్హములు పెక్కుమంది డ్రైవర్లకు నెల జీతమును మించిన మొత్తము. లైసెన్సే జీవనాధారమైనవానికి అది పోవుటయనగా వీసాయు, కొలువును, ఏజెంటునకు ఇచ్చుటకై చేసిన అప్పును ఒక్కసారి మెడకు చుట్టుకొనుట. అప్పు ఇచ్చినవాడు ఊరిలోనే యుండును. వడ్డీకి కెమెరాయు లేదు, హద్దును లేదు.

ఒకే దేశమునందు కూడ హద్దులు మారుచుండును. దుబాయిలో బోర్డుపై వ్రాసిన వేగమును 20 కిలోమీటర్లవరకు మించినను కెమెరా పట్టుకొనకుండుట వాడుక. అబుదాబిలో 2018 ఆగస్టునుండి ఆ వెసులుబాటు రద్దైనది. బోర్డుపై నున్నదే హద్దు. ఒక ఎమిరేటు అలవాటుతో మరియొక దానిలో ప్రవేశించినవాడు తప్పు చేయుచున్నానని ఎఱుగకయే తప్పు చేయును. అమెరికాలోని తెలుగువారు కెనడాకు కారులో పోవునప్పుడును ఇట్టి చిక్కే కలదు. అమెరికాలో బోర్డులు మైళ్లలో నుండును. కెనడాలో 1977నుండి కిలోమీటర్లలో నున్నవి. అచట 100 అని కనబడిన అంకె అమెరికా లెక్కలో సుమారు 62 మైళ్లే. అంకెను చూచి ప్రమాణమును చూడనివాడు, సేరును చూచి తూనికరాతిని చూడని కొనుగోలుదారు వంటివాడు.

జర్మనీలో హద్దే లేదను మాట మన యువకులలో ప్రచారమున నున్నది. అది సగము నిజము. ఆటోబాన్ అను మహామార్గములలో కొన్ని భాగములకు మాత్రమే కట్టడి లేదు. అచటను 130 కిలోమీటర్లు మించవలదని 1978నుండి ప్రభుత్వపు సూచన కలదు. ఊళ్లలో 1957నుండి 50 కిలోమీటర్ల హద్దున్నది. ఫిన్లండు దేశమున తీవ్రమైన వేగ నేరమునకు జరిమానా ఆదాయమునుబట్టి యుండును. ఆ దినజరిమానా పద్ధతి 1921లో మొదలైనది. 2002లో ఒక పెద్ద టెలిఫోను సంస్థ అధికారికి 50 కిలోమీటర్ల హద్దులో 75 కిలోమీటర్ల వేగమున పోయినందుకు 1,16,000 యూరోల జరిమానా పడినదని లోకమంతయు చెప్పుకొనెను; పిదప అప్పీలులో అది తగ్గినది. ధనవంతునకు జరిమానా తేలిక కారాదనుట ఆ పద్ధతిలోని న్యాయము. అద్దె కారులో తిరిగి వచ్చితిమి, ఇక ఎవరు పట్టుకొందురనుటయు పొరపాటే. అద్దెకు తీసికొన్నవారి పేరును చిరునామాయు సంస్థవద్ద నుండును. చలానా ఆ దారిననే ఇంటికి వచ్చును.

ఇతరులను చెప్పి మన సంగతి విడుచుట న్యాయము కాదు. భారతదేశమున మోటారు వాహనముల చట్టము 1914లో పుట్టి, 1939లో మారి, 1988లో నేటి రూపమును పొందినది. ఆ చట్టపు 112వ సెక్షను వేగ పరిమితిని, 183వ సెక్షను దండనను తెలుపును. 2019 సవరణకు ముందు మొదటి తప్పునకు జరిమానా 400 రూపాయలవరకు. సవరణచే తేలిక వాహనములకు 1,000 నుండి 2,000 రూపాయలకు పెరిగినది. చట్టమునకు కొదువ లేదు. ఐనను 2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరనియు, అందు నూటికి 71 మంది మరణమునకు అతివేగము కారణమనియు కేంద్ర ప్రభుత్వపు నివేదిక చెప్పుచున్నది. మన డ్రైవర్లు పరదేశములలో అచటి హద్దులను పాటించుచు సంవత్సరముల తరబడి నడుపుచున్నారు గదా! అదే మనిషి సెలవుపై ఇంటికి వచ్చి అదే చేతితో ఇచట హద్దు మీరుచున్నాడన్న లోపము నేర్పులో లేదు. భయమున్నచోటనే నియమమును పాటించు అలవాటులో నున్నది.

అతివేగమువలన లాభమెంతయో లెక్క వేయుట మంచిది. నూరు కిలోమీటర్ల ప్రయాణమును గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోయిన 75 నిమిషములు. 100 కిలోమీటర్ల వేగమున పోయిన 60 నిమిషములు. జమ 15 నిమిషములు. ఇక ఖర్చు: వేగము నాల్గవ వంతు పెరుగగా తాకిడి బలము ఒకటిన్నర రెట్లకు మించుచున్నది. బ్రిటను ప్రభుత్వపు రహదారి నియమావళి ప్రకారము 30 మైళ్ల వేగమున పోవు కారు ఆగుటకు 23 మీటర్లు కావలెను. 60 మైళ్ల వేగమున 73 మీటర్లు. వేగము రెట్టింపైన దూరము మూడు రెట్లకు మించుచున్నది. 50 కిలోమీటర్ల వేగమున తాకిన కారుకంటె 65 కిలోమీటర్ల వేగమున తాకిన కారువలన పాదచారికి మరణభయము నాలుగున్నర రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. పదునైదు నిమిషముల జమకు ఇంత ఖర్చు వ్రాయు పద్దును ఏ లెక్కల పుస్తకమును ఒప్పుకొనదు.

భారతమందలి నలోపాఖ్యానము ఇచట స్మరింపదగినది. బాహుకుడను పేరుతో నలుడు ఋతుపర్ణుని రథమును నడపగా, రాజు ఉత్తరీయము జారిపడినది. తీసికొందమని రాజు పలుకునప్పటికి అది యోజనము వెనుక నుండెను. వేగవిద్యలో నలునకు సాటి లేడు. ఐనను అతనిని పట్టిన కలి ఆ వేగముచేత వీడలేదు. చెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్కింపగల ఋతుపర్ణునినుండి ఆ విద్యను గ్రహించిన పిమ్మటనే కలి నలుని విడిచెను. తోలుట తెలిసినవానికి లెక్కయు తెలిసిననే క్షేమము.

పరదేశమున మనము అతిథులము. ఆతిథ్యమిచ్చినవాని ఇంట గడప దాటునప్పుడు చెప్పులు విడుచు జాతి, వాని రహదారిపై బోర్డును గౌరవించుటకు వెనుదీయరాదు. గ్రంథాలయమునకు వచ్చి వీసా కాగితములు చదివించుకొను యువకునకు, అతడు పోవు దేశపు వేగ నియమములను గూడ చదివి వినిపించుట గ్రంథాలయము చేయదగిన సేవ. జరిమానా చెల్లించి మరచిపోవచ్చును. పోయిన ప్రాణమునకు ఏ దేశపు ఖజానాయందును రసీదు లేదు. ఈ ఊరినుండి పోయిన ప్రతి డ్రైవరును, పోయినవాడు పోయినట్లుగ సుఖముగ ఇల్లు చేరుగాక.