సంక్రాంతి, నేను, ఒక కలెక్టరుగారు

ముందుగా ఒక నేరం ఒప్పేసుకోవాలి. నాలుగేళ్ళ క్రితం ఆఫీసు క్యాంటీన్లో మా టీమ్‌లోని లక్నో కుర్రాడు, "పండగలన్నిటికీ ఏటా తేదీలు మారతాయి కదా, మీ సంక్రాంతి మాత్రం ఎప్పుడూ జనవరి 14నే ఎందుకొస్తుంది?" అనడిగాడు. నాకు తెలీదు. తెలీదని ఒప్పుకుంటే మనం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లం ఎలా అవుతాం? "బ్రిటిష్ వాళ్ళ కాలంలో పండగెప్పుడో ముందే చెప్పకపోతే కలెక్టరాఫీసులో సెలవు దొరికేది కాదు. అందుకని పంతుళ్ళంతా కూర్చుని 14కి హార్డ్‌కోడ్ చేసేశారు" అన్నాను. మరి భోగి, కనుమ? "లీవు పెట్టడానికి ఒక రోజు, పొడిగించడానికి ఒక రోజు." అందరూ నవ్వారు. నేనూ మర్చిపోయాను.

రెండేళ్ళ తర్వాత పండక్కి విజయవాడ దగ్గర మా ఊరెళ్తే, తాతయ్య ఫోన్ తెచ్చి చూపించారు. "ప్రతి తెలుగువాడూ తెలుసుకోవలసిన చరిత్ర" అట! అదే కలెక్టరు, అవే పంతుళ్ళు. ఎవరో పుణ్యాత్ముడు 1857 అని సంవత్సరం కూడా తగిలించాడు. తాతయ్య ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు. అప్పటికే వీధిలో పిల్లలందరికీ చెప్పేశారు.

ఆ రాత్రి నిద్రపట్టక అసలు సంగతేమిటా అని వెతికాను. వివేకానందుడు పుట్టింది 1863 జనవరి 12న. ఆ రోజు మకర సంక్రాంతి. 2024లో మనం చేసుకున్నది 15న. అంటే హార్డ్‌కోడూ లేదు, పాడూ లేదు. మన పంచాంగం నక్షత్రాలను బట్టి సూర్యుడు మకరంలోకి ఎప్పుడొచ్చాడో చూస్తుంది. గోడమీది ఇంగ్లీషు క్యాలెండరు ఋతువులను పట్టుకుని నడుస్తుంది. ఈ రెండు సంవత్సరాలకీ తేడా సుమారు 20 నిమిషాలు. 72 ఏళ్ళకి 1440 నిమిషాలు, అంటే ఒక రోజు. మనిషి జన్మకి ఒక్క రోజు జరిగే పండగని "ఎప్పుడూ 14నే" అనుకోవడంలో తప్పు లేదు లెండి.

ఇంతకన్నా పెద్ద బగ్ ఇంకోటుంది. సంక్రాంతినాడు సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడని టీవీల్లో ఏటా చెబుతారు. ఆయన తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. సుమారు 1700 ఏళ్ళ క్రితం రెండూ ఒకేసారి వచ్చేవి. భూమి ఇరుసు బొంగరంలా తూలడంవల్ల మెల్లగా విడిపోయాయి. ఇలా జరుగుతుందని మనవాళ్ళకి తెలీదా అంటే, తెలుసు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ మాటే ఎత్తాడు. పాత శాస్త్రాల్లో ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో మొదలవుతుందని ఉంది, ఇప్పుడు మకరం మొదట్లో మొదలవుతోంది, తేడా వస్తే స్వయంగా చూసి తేల్చుకోండి అన్నాడు. ఎలా చూడాలో కూడా చెప్పాడు: నేలమీద పెద్ద వృత్తం గీసి, మధ్యలో కర్ర పాతి, నీడ గమనించమన్నాడు. "మన పూర్వీకులకి అన్నీ తెలుసు" అని ఫార్వర్డులు పంపేవాళ్ళు ఈ ముక్క మాత్రం ఎందుకు పంపరో!

పొద్దున్నే తాతయ్యకి మొత్తం చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఒరే, నువ్వు అబద్ధమాడావని కాదురా. నాచేత ఆడించావు. పిల్లలకి ఇప్పుడేం చెప్పమంటావు?" అన్నారు. వరాహమిహిరుడి మాట చెప్పాను. ఊఁ అని లోపలికెళ్ళిపోయారు. నేను బస్సెక్కేదాకా అంతే.

ఆ ఏడాది డిసెంబరులో ఫోన్ చేశారు. పెరట్లో మీటరు కర్ర పాతారట. ఆ పిల్లలచేతే రోజూ మిట్టమధ్యాహ్నం నీడ కొలిపించారు. 21న 84 సెంటీమీటర్లు, అన్నిటికన్నా పొడుగు. సంక్రాంతికి 78కి తగ్గిపోయింది. పిల్లలు రాసిన నోటుబుక్కు ఫొటో తీసి, దీన్ని కూడా అందరికీ పంపరా అన్నారు.

పంపాను. మా ఫ్యామిలీ గ్రూపులో రెండు లైకులొచ్చాయి. అందులో ఒకటి నాదే :)