లండను వదలిన శిల్పులు

1902వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో, గ్లాస్టర్‌షైరు మండలమునందలి చిప్పింగ్ కాంప్‌డెన్ అను చిన్న ఊరికి లండను నుండి కొన్ని కుటుంబములు రైలులో తరలివచ్చినవి. వారు విహారమునకై వచ్చినవారు కారు. వెండిపనివారు, నగలు చేయువారు, మీనాపనివారు, వడ్రంగులు, కొయ్యబొమ్మలు చెక్కువారు, కమ్మరులు, పుస్తకములు అచ్చువేయువారు సుమారు 50 మంది. వారి భార్యాబిడ్డలను గూడ లెక్కించినచో 150 మంది. జనసంఖ్య రెండువేలకైనను చాలని ఊరికి ఒక్కమారుగా ఇంతమంది క్రొత్తవారు వచ్చి పడినారు. వీరి పనిముట్లు, కలప, అచ్చుయంత్రములు, వంటపాత్రలు అన్నియు వీరివెంట వచ్చినవి. మరల పోవుటకు వచ్చినవారు ఇన్ని సామానులు తెచ్చుకొనరుగదా!

నగరము విడిచి అడవికి బోయిన ఋషుల కథలు మనకు క్రొత్తవి కావు. కాని ఋషి ఒంటరిగా పోవును. పోయినపిదప అతనికి ఇంటి అద్దెతో పని లేదు. ఒక పనివారి సంఘము, వారపు జీతములతో, బడికి పోవు పిల్లలతో, తమలో తాము వోటు వేసికొని మహానగరమును విడిచిపోవుట చరిత్రలో అరుదు. అందువలననే ఈ కథను కొంత తీరికగా చెప్పదలచినాము.

ఈ సంఘము పేరు గిల్డ్ ఆఫ్ హాండీక్రాఫ్ట్, అనగా చేతిపనివారి శ్రేణి. స్థాపకుడు ఛార్లెస్ రాబర్ట్ ఆష్‌బీ. అతడు 1863లో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, వాస్తుశిల్పి ఐనాడు. విద్యార్థిగా నుండగనే అతనికి ఎడ్వర్డు కార్పెంటరుతో పరిచయము కలిగినది. ఈ కార్పెంటరు షెఫీల్డు సమీపమున మిల్‌థార్ప్ అను పల్లెలో చేరి, కాయగూరలు పండించుచు, చెప్పులు కుట్టుచు, గ్రంథములు వ్రాసికొనుచు నుండిన మహానుభావుడు. అతడు కుట్టిన చెప్పులకు నమూనా మన కాశ్మీరమునుండి స్నేహితుడు పంపిన ఒక జత. నాగరికతను ఒక వ్యాధిగా నెంచి ఇతడు 1889లో వ్రాసిన గ్రంథమును గాంధీజీ తమ ‘హింద్ స్వరాజ్’ చివర చదువదగిన పుస్తకముల పట్టికలో చేర్చినారు.

ఆష్‌బీ కేంబ్రిడ్జి విడిచి లండను తూర్పుభాగమునకు వచ్చినాడు. ఆ కాలపు ఈస్ట్ ఎండ్ అనగా పొగ, ఇరుకు, పేదరికము. అచ్చట టాయిన్‌బీ హాలు అను సేవాసంస్థలో పనివారికి సాయంకాలములందు రస్కిన్ గ్రంథములు చదివి వినిపించు తరగతి నొకదానిని నడపినాడు. చదివినకొలది వినువారికి చేతులు ఊరకుండలేదు. తరగతి చిత్రలేఖనమునకు, చిత్రలేఖనము శిల్పమునకు దారితీసినది. 1888లో, 50 పౌన్ల మూలధనముతో, కొద్దిమంది సభ్యులతో, శ్రేణి ఏర్పడినది. ఇందుకు ఆశీర్వచనము కోరి ఆష్‌బీ అంతకుముందే విలియం మోరిస్‌ను దర్శించినాడు. చేతిపనులకు పునర్జీవము పోసిన ఆ పెద్ద ఆశీర్వదించుటకు మారుగా చన్నీళ్లు చల్లినాడు. సమాజమంతయు మారనిది చిన్న చిన్న ప్రయత్నములవలన ప్రయోజనము లేదని మోరిస్ నమ్మకము. ఆష్‌బీ ఆ మాట విని ఇంటికి వచ్చి, మొదలుపెట్టిన పని మొదలుపెట్టినట్లే సాగించినాడు. ఇరువురిలో నెవరి మాట నిజమైనదో కథాంతమున గూడ తేల్చి చెప్పుట కష్టము.

1891లో శ్రేణి మైల్ ఎండ్ రోడ్డునందలి ఎసెక్స్ హౌస్ అను పాత భవనమునకు మారినది. మంచి దినములు ప్రారంభమైనవి. సన్నని తీగపిడులు గల వెండిగిన్నెలు, రంగురాళ్లు పొదిగిన పతకములు, కొయ్యసామాను పేరు పొందినవి. 1896లో మోరిస్ మరణించిన తరువాత అతని కెల్మ్‌స్కాట్ ముద్రణాలయపు చేతి అచ్చుయంత్రములను ఆష్‌బీ కొని, 1898లో ఎసెక్స్ హౌస్ ముద్రణాలయమును నెలకొల్పినాడు. అదే సంవత్సరము శ్రేణి పరిమిత కంపెనీగా నమోదైనది. పనివారే అందు వాటాదారులు కాదొడగినారు. కలప కోసినవాడు, కొలిమి ఊదినవాడు కంపెనీ సమావేశమున కూర్చుండి లెక్కలు అడుగవచ్చును. ఆనాటి ఇంగ్లండున ఇది సామాన్యమైన సంగతి కాదు.

ఎసెక్స్ హౌస్ కౌలు గడువు తీరవచ్చినది. లండనులోనే మరియొక చోటు వెదకవచ్చును. కాని ఆష్‌బీ మనస్సులో ఎన్నాళ్లనుండియో ఒక కోరిక పెరుగుచుండెను. మనిషి చేయు వస్తువు బాగుండవలెనన్నచో మనిషి బ్రదుకు బాగుండవలెను. పొగలో బ్రదుకువాని చేతికి పచ్చదనము ఎక్కడనుండి వచ్చును? సాయంకాలము తోటపని, ఉదయము శిల్పము, సెలవునాడు ఈత. ఇది అతని కల. 1901 చివర ఈ విషయము సభ్యుల ముందు పెట్టబడినది. అధికసంఖ్యాకులు పోదమన్నారు.

ఇచ్చట ఒక సందేహమును చెప్పక తప్పదు. వోటు వేసినవారు పురుషులు. అంగడి, నాటకశాల, పుట్టినింటివారు అడుగు దూరమున నున్న ఈస్ట్ ఎండ్ గృహిణులకు, ఆ వోటు రాత్రి ఇంట ఎట్లు వినిపించెనో! ఇట్టి చరిత్రలు సాధారణముగా నాయకుని నోటినుండియే మనకు దక్కుచుండును. ఆష్‌బీ దినచర్య పుస్తకములలో అతని భార్య జానెట్ చేర్చిన పుటలు లేకున్నచో, ఆ యిండ్లలోని సంగతులు మనకింకను తక్కువగా తెలిసియుండెడివి.

కాంప్‌డెన్ చాల పురాతనమైన ఊరు. మధ్యయుగములలో ఉన్నివర్తకమువలన తులదూగినది. 1401లో మరణించిన విలియం గ్రెవెల్ అను వర్తకుని ఇల్లు పెద్దవీథిలో నేటికిని నిలిచియున్నది. 1627లో కట్టిన సంతశాల రాతికమానులతో ఊరినడుమ నున్నది. ఉన్నివ్యాపారము అంతరించినది, ఆపైన 1870 తరువాత వచ్చిన వ్యవసాయమాంద్యమువలన జనులు వలసపోయి, తేనెరంగు రాతిగోడల యిండ్లు పాడుపడియుండెను. షీప్ స్ట్రీట్‌లో ఒక పట్టుమిల్లు ఖాళీగా పడియుండెను. శ్రేణి దానిని అద్దెకు దీసికొని, క్రింది అంతస్తున అచ్చుకూటము, కార్యాలయము, నడిమి అంతస్తున వెండిపనివారు, నగలవారు, పైయంతస్తున వడ్రంగులు, చెక్కడపువారు, ఈ విధముగా సర్దుకొనిరి. కిటికీలోనుండి చూచిన తోటలు, ఆవల కాట్స్‌వల్డు కొండలు.

మొదటి రెండు మూడేండ్లు ఉత్సాహముతో గడచినవి. ఈతకొలను త్రవ్వినారు. బాండుమేళము కట్టినారు. క్రిస్మసునాళ్లలో ప్రాచీన నాటకములాడినారు. 1904లో కాంప్‌డెన్ కళాశిల్ప పాఠశాల ఏర్పడినది. అందు చిత్రలేఖనము, కొయ్యపనులతోబాటు వంట, తోటపని గూడ నేర్పెడివారు. శ్రేణి పిల్లలేగాక ఊరివారి పిల్లలును చేరెడివారు. గ్లాస్గోనుండి వచ్చిన అలెక్ మిల్లరు అను యువకుడు ఈ ఊరిలో చెక్కడపుపనిలో ఘనుడై 1939 వరకు ఇచ్చటనే నిలిచినాడు.

అయినను ఊరివారందరును చేతులు చాచి ఎదుర్కొన్నారని అనుకొనరాదు. వ్యవసాయకూలి సంపాదనకన్న శిల్పి జీతము హెచ్చు. హెచ్చు అద్దె ఇయ్యగలవాడు వచ్చినపుడు తక్కువ అద్దె ఇచ్చువాని గతి ఏమగునో మనకు తెలియనిది కాదు. పల్లెను ప్రేమించి వచ్చినవారివలన పల్లెవాడు తన యిల్లు తానే వదలుకొనవలసిన స్థితి కలుగవచ్చునను చేదునిజము ఆనాడే కొంతకొంత బయటపడినది. కాట్స్‌వల్డు పల్లెలలో ఇండ్ల ధరలు నేడు ఎట్లున్నవో విన్నవారికి దీనిని విస్తరించి చెప్పనక్కర లేదు.

శ్రేణి పతనమునకు కారణములు వేరు. మొదటిది పోటీ. లండనులోని లిబర్టీ కంపెనీ 1899లో ‘సిమ్రిక్’ అను పేరుతో ఇదే తీరు వెండిసామానును అమ్మనారంభించినది. అవి చాలవరకు అచ్చుదిమ్మెలతో యంత్రముమీద తయారైనవి. చేతిపని యని తోచుటకు పైన సుత్తిదెబ్బల గుర్తులు గూడ వేసెడివారు! నిజమైన సుత్తిదెబ్బకు పట్టు కాలము, దానికగు ఖర్చు, ఈ అబద్ధపు దెబ్బకు పట్టవు. కొనువానికి రెండును ఒకటే. సరదాకై వెండిపని నేర్చి, కూలి గిట్టుబాటుతో నిమిత్తము లేక అమ్ముకొను సంపన్నగృహిణుల పోటీయు తక్కువది కాదని ఆష్‌బీ వాపోయినాడు.

రెండవ కారణమే మాకు ముఖ్యముగా తోచుచున్నది. లండనులో బేరములు మందగించినపుడు శిల్పి నాలుగు వారములు మరియొక కార్ఖానాలో పనిచేసి, గిరాకి వచ్చినపుడు తిరిగి వచ్చెడివాడు. శ్రేణికి అతని జీతపు భారము తగ్గెడిది, శిల్పికి పస్తు తప్పెడిది. కాంప్‌డెన్‌లో అట్టి అవకాశమే లేదు. పని లేని దినమున గూడ జీతమియ్యవలెను. లేదా అతనిని పంపివేయవలెను. పంపివేయుటకు ఆష్‌బీ మనస్సు ఒప్పలేదు. చేసిన వస్తువులు అమ్ముడుపోక పేరుకొనినవి. ముడిసరకు రానుపోను రైలుఖర్చు మరియొక బరువు. ఏ నగరమును రోసి వచ్చిరో ఆ నగరమే వారి వస్తువులను కొనవలసియుండెను. ఈ సంగతిని ఆష్‌బీయే 1908లో ప్రకటించిన తన గ్రంథమున దాచక విమర్శించుకొన్నాడు. ఓడిపోయినవాడు తన లెక్కలు తానే విప్పి చూపుట గొప్పగుణము.

1905 మొదలు నష్టములు పెరిగి, 1908 నాటికి కంపెనీ మూతపడినది. కొందరు లండనుకు మరలిపోయినారు. కొందరు విదేశములకు పోయినారు. అప్పుడు జోసెఫ్ ఫెల్స్ అను అమెరికా సబ్బువ్యాపారి ఊరి ప్రక్కన బ్రాడ్ కాంప్‌డెన్‌లో 70 ఎకరముల నేల కొని, మిగిలిన శిల్పులకు సేద్యమును చేతిపనియు జోడించుకొని బ్రదుకుటకు వీలు కల్పించినాడు. మొదట నేల సంపాదించుకొని, పిదప పని తెచ్చుకొనియుండిన కథ మరియొక తీరున నడచియుండునేమో. 1904లో దర్బను నగరమునుండి ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికను ఫీనిక్సు క్షేత్రమునకు తరలించినపుడు గాంధీజీ చేసినది అదియే: 100 ఎకరముల నేల, దానిపై అచ్చుకూటము. ఆయనను కదలించిన పుస్తకమును రస్కిన్‌దే.

ఇక ఈ కథ మన దేశమువైపు తిరుగు మలుపు. బ్రాడ్ కాంప్‌డెన్‌లో పాడుపడియున్న నార్మన్ కాలపు దేవళము నొకదానిని ఆష్‌బీ నివాసగృహముగా దిద్దినాడు. 1907లో అందు కాపురమునకు వచ్చినవారు ఆనంద కుమారస్వామి. కొలంబోలో 1877లో జన్మించిన ఈయన అంతకుముందు సింహళమున ఖనిజ పరిశోధనాశాఖకు అధ్యక్షులు. రాళ్లను పరీక్షింపబోయి పల్లెలలో శిల్పుల చేతులను చూచినవారు. శ్రేణి కూలిపోవుచున్నపుడు ఎసెక్స్ హౌస్ అచ్చుయంత్రమును తమ యింటికి తెప్పించుకొని, మధ్యయుగ సింహళ కళను గూర్చిన తమ మహాగ్రంథమును అందుమీదనే 425 ప్రతులు అచ్చువేయించినారు. మోరిస్ వాడిన యంత్రముమీద సింహళపు కుమ్మరి, కంసాలి, నేతగాండ్ర చరిత్ర! 1909లో వెలువడిన వారి ‘ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్’ అను పుస్తకమునకు పీఠిక వ్రాసినవాడు ఆష్‌బీ. కులవృత్తుల శ్రేణులు, గ్రామశిల్పికి గ్రామమే పోషకురాలగు విధము ఆ గ్రంథమున వర్ణితములు. కాంప్‌డెన్‌లో కొరవడినది అదియే: చేయువాడు, కొనువాడు ఒకే ఊరివారగుట.

కుమారస్వామి పేరు చెప్పినంతనే తెలుగువారికి మరియొక పేరు స్మృతికి రావలెను. 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయము ప్రకటించిన నందికేశ్వరుని అభినయదర్పణమునకు ఆంగ్లానువాదము చేసినవారు ఇరువురు: ఆనంద కుమారస్వామి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన మన ఆంధ్రరత్నమే ఆయన. నాలుగేండ్లు తిరుగునప్పటికి, 1921లో, చీరాల పేరాల ప్రజలు పురపాలకసంఘపు పన్నుల నెదిరించి, ఆయన నాయకత్వమున ఊరు ఖాళీచేసి, వెలుపల రామనగరమున పాకలు వేసికొని సుమారు 11 నెలలు నివసించినారు. సుమారు 15 వేలమందిలో అధికసంఖ్యాకులు, వారిలో ఎందరో నేతపనివారు, ఎండకు వానకు ఓర్చినారు. చీరాలవారు ప్రకృతిని వెదకుకొని పోలేదు, కాంప్‌డెన్ వారు ప్రభుత్వము నెదిరించి పోలేదు. ఈ రెంటిని ఒకటిగా ముడివేయుట మా ఉద్దేశము కాదు. కుమారస్వామితో కలిసి శాస్త్రగ్రంథము అనువదించిన ఒక పండితుడు నేతగాండ్ర నడుమ పాకలో నిలిచినాడని మాత్రము గుర్తుచేయుచున్నాము.

మేమును నగరములో, గాలి చొరని గదిలో, మైక్రోఫోను ముందు కూర్చుండి పల్లెసీమలను పొగడెడివారమే. కనుక ఆష్‌బీని విమర్శించుటకు మాకు నోరు రాదు. అతడు తరువాత 1918 మొదలు 1922 వరకు జెరూసలేములో నగరసలహాదారుగా పనిచేసి, 1942లో మరణించినాడు.

కాంప్‌డెన్‌లో ఉండిపోయినవారిలో వడ్రంగి జిమ్ పైమెంట్ గృహనిర్మాణపు వ్యాపారము పెట్టినాడు. వెండిపనివాడు జార్జి హార్ట్ పట్టుమిల్లులోనే తన కొలిమిని నిలుపుకొన్నాడు. అతని సంతతివారు, శిష్యులు అదే గదిలో, అవే పాత బల్లలమీద, నేటికిని సుత్తితో వెండిగిన్నెలు కొట్టుచున్నారు. గడచిన సంవత్సరముల బేరపు చీటీలు గుత్తులు గుత్తులుగా పైకప్పునుండి కొక్కెములకు వ్రేలాడుచుండును.