గుట్టల కంటే అడగడమే కష్టం

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఆగస్టు మొదటి శనివారం. మసాచుసెట్స్‌లోని స్టర్‌బ్రిడ్జ్‌లో వేలమంది సైకిళ్లు పట్టుకుని నిలబడ్డారు, వాళ్ల మధ్య మీరు. జెర్సీ వెనక జేబులో రెండు జెల్ ప్యాకెట్లు, ఒక అరటిపండు, తడవకుండా కవర్లో చుట్టిన ఫోను. ముందువరస కదిలింది. బూట్లు పెడళ్లలో ఇరుక్కునే టక్కుటక్కు చప్పుడు వెనక్కి పాకుతూ వచ్చి మీ కాళ్ల దగ్గరకు చేరింది. క్యాన్సర్ మీద పోరుకు విరాళాలు పోగుచేసే సైకిల్ యాత్ర, పాన్-మాస్ ఛాలెంజ్ మొదలైంది.

గమ్యం సముద్రతీరమని తేలిగ్గా తీసుకున్నవాళ్లకు మొదటి గంటలోనే ఆయాసం వస్తుంది. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ముందు తొక్కుతున్నాయన వీపుకు ప్లాస్టిక్ కవర్లో ఒక ఫొటో, నాలుగు మూలలా పిన్నీసులు. చెమటకు లోపల ఆవిరి పట్టి అందులోని ఆవిడ మొహం మసకబారింది. ఆవిరి బొట్టుగా జారిపోయినప్పుడల్లా ఒక కన్ను కనిపిస్తోంది. ఆయన్ని దాటేయాలనిపించదు. ఆయన చక్రం వెనకే, గాలి చాటున, గుట్ట మొత్తం ఎక్కేస్తారు.

ఇక్కడ తొక్కాలంటే ముందే మాటివ్వాలి: ఇన్ని వేల డాలర్లు పోగుచేస్తానని. తక్కువ పడితే ఆ తేడా మీ క్రెడిట్ కార్డు మీదే పడుతుంది. అందుకే చలికాలం నుంచే వాట్సాప్ గ్రూపుల్లో చెయ్యి చాచారు. ఆఫీసులో అడిగారు, గుడి క్యాంటీన్ దగ్గర అడిగారు. అడగనిదే అమ్మైనా పెట్టదు, నిజమే. కానీ అడిగేటప్పుడు గొంతు పెగలాలిగా! "నువ్వు సైకిల్ తొక్కితే క్యాన్సర్ ఎలా తగ్గుతుంది బావా?" అని బావమరిది వెటకారమాడాడు. తగ్గదు. కానీ ఊరికే కూర్చుని అడిగేవాడికి పది డాలర్లు రాలవు, నూటపది మైళ్లు తొక్కి అడిగేవాడికి వంద రాలతాయి. ఈ చెమటంతా అడిగే హక్కు కోసమే.

ఈ ఛాలెంజ్ మొదలుపెట్టిన బిల్లీ స్టార్‌కి ఆ సంగతి ముందే తెలిసినట్టుంది. తల్లి మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో పోయాక, 1980లో స్నేహితులను వెంటేసుకుని బయల్దేరాడు. మొత్తం 36 మంది, వచ్చింది 10,200 డాలర్లు. 2024 నాటికి అన్నేళ్లలో పోగైన మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. అంతా బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కే.

మధ్యాహ్నం ఎండ. తొడలు మండుతున్నాయి, చేతివేళ్లు తిమ్మిరెక్కాయి. లేక్‌విల్ మజిలీలోకి తిరిగేసరికి దారి పక్కన వరసగా పిల్లల ఫొటోలు. డానా-ఫార్బర్‌లో వైద్యం పొందుతున్నవాళ్లు, ఒక్కో సైకిల్ జట్టుకు ఒక్కో చిన్న నేస్తం. కొందరు పిల్లలు అక్కడే ఉన్నారు. ఇంకా సరిగా జుట్టు రాని బుడతడొకడు మీ సీసాలో నీళ్లు పోస్తానని జగ్గు రెండు చేతులా ఎత్తాడు. సగం మీ బూట్లలో పడ్డాయి.

ఈ ఇన్‌స్టిట్యూట్‌కు పేరిచ్చిన సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో లుకేమియా ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి చూశాడు. కొందరిలో జబ్బు కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గింది. ఆ రోజుల్లో అదే అబ్బురం. మందు వచ్చింది లెడర్లీ ప్రయోగశాల నుంచి, అక్కడి పరిశోధనకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫార్బర్ ఫలితాలు అచ్చయిన 1948లోనే ఆయన కన్నుమూశారు. విరాళం అడిగేటప్పుడు ఈ సంగతి చెప్పి చూడండి, తెలుగువాళ్ల చెయ్యి జేబులోకి కాస్త త్వరగా వెళ్తుంది.

ఆ రోజు ఆఖరి మైళ్లలో ఊళ్లకు ఊళ్లే రోడ్డు మీద ఉన్నట్టుంటుంది. గంటలు, ఈలలు. ఒక అట్టముక్క మీద చేతిరాత: 'నేను బతికున్నది మీ వల్లే.' చదివేలోపే దాటిపోతారు. మెడ తిప్పి చూడాలన్నా నొప్పి.

బోర్న్‌లో, కాలువ ఒడ్డున ఉన్న మారిటైమ్ అకాడమీలో సైకిల్ దిగితే నేల కదులుతున్నట్టుంది. ముఖాన ఉప్పు పేరుకుంది, చెయ్యి పెడితే గరగరలాడుతోంది. కవరు విప్పి ఫోను తీశారు. లక్ష్యానికి ఇంకా కొంత బాకీ. ఆ ఉప్పు మొహంతోనే సెల్ఫీ తీసి, సిగ్గు పక్కన పెట్టి, గ్రూపులో మళ్లీ లింకు పెట్టారు. మొదటి జవాబు బావమరిదిదే.

"యాభై పంపా. రేపు కూడా తొక్కాలా బావా?"

తొక్కాలి. తెల్లారకముందే బోర్న్ వంతెన ఎక్కాలి. అక్కణ్నుంచి చివరి గమ్యం ప్రొవిన్స్‌టౌన్ 80 మైళ్లకు అటూఇటుగా ఉంటుంది.