క్వెరీ ఖర్చు అంచనా

డేటాబేస్‌లో క్వెరీని నడపడానికి ముందు ఆప్టిమైజర్ వేసే లెక్క. 1979లో ఐబీఎం సిస్టమ్ ఆర్ పరిశోధకులు ప్రచురించిన పద్ధతే నేటికీ దీనికి పునాది. ఈ అంకె మిల్లీసెకండ్లు కాదు; పోస్ట్‌గ్రెస్‌లో వరుసగా ఒక పేజీ చదవడాన్ని 1గా, అక్కడోటి ఇక్కడోటి చదవడాన్ని 4గా తీసుకుంటారు. కావలసిన పేజీలు ముందే మెమరీలో ఉంటే ఈ తేడాకు అర్థం ఉండదు.

అసలు చిక్కు వరుసల సంఖ్య దగ్గర వస్తుంది. 10 లక్షల వరుసల టేబుల్ ఒకటి ఉందనుకుందాం. అందులో ఆదిలాబాద్ జిల్లావి నూటికి 10, ఉట్నూరు మండలానివి వెయ్యికి 2. రెండు షరతులూ కలిపి అడిగితే ఆప్టిమైజర్ వాటిని గుణించి 200 వరుసలంటుంది. ఉట్నూరు ఉన్నదే ఆదిలాబాద్‌లో కనుక వచ్చేవి 2,000. ఆ తప్పు లెక్కను నమ్మి, ఇంకో టేబుల్‌తో జాయిన్ చేయడానికి నెస్టెడ్ లూప్ ఎంచుకుంటే, లోపలి టేబుల్‌ను 200 సార్లకు బదులు 2,000 సార్లు వెతకాలి. జాయిన్లు పెరిగేకొద్దీ పొరపాటు హెచ్చుతూ పోతుంది. 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10లో ఇలాంటి కాలమ్‌ల పొత్తును క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో చెప్పవచ్చు, చెప్పేవారే తక్కువ.

ఆప్టిమైజర్ ఆధారపడే గణాంకాలు పాతబడినా ముంచుతాయి. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్; కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాలు విడివడ్డాయి. అలాంటి మార్పును టేబుల్‌లో ఎక్కించి, గణాంకాలను తాజా చేసే అనలైజ్ నడపకపోతే, ‘నిర్మల్’ అన్న విలువ ఆప్టిమైజర్‌కు దాదాపు లేనట్టే.