ముత్యపు మబ్బుల పుట్టుక

నార్వే దేశమున నడి శీతకాలములో, ప్రొద్దు క్రుంకిన పిమ్మట కూడ, కొన్ని మబ్బులు ముత్యపు చిప్ప లోపలి వన్నెలతో మెరయుచుండును. 1930 ప్రాంతములలో కార్ల్ స్టోర్మర్ అను గణితవేత్త వేరువేరు చోట్లనుండి ఏకకాలమున ఫోటోలు తీయించి వాని ఎత్తును లెక్కగట్టినాడు: 20 కిలోమీటర్లకు పైమాటే! మన వానమబ్బులకు అందని ఎత్తు అది. అంత పొడిగాలిలో మబ్బు ఎట్లు పుట్టినదన్నది చిరకాలము వేడుక ప్రశ్నగానే ఉండిపోయినది.

1985లో ఆ వేడుక ఆందోళనగా మారినది. సూర్యుని అతినీలలోహిత కిరణములనుండి మనలను కాపాడునది ఓజోను పొర గదా! అది అంటార్కిటికాపై వసంతకాలమున విపరీతముగా తరిగిపోవుచున్నదని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్‌లు ప్రకటించినారు. శీతలయంత్రములలో వాడిన వాయువుల ద్వారా పైకి చేరిన క్లోరినుపై అనుమానము కలిగినది. కాని ఆ క్లోరిను చాలవరకు హైడ్రోజన్ క్లోరైడుగను, క్లోరిన్ నైట్రేటుగను కట్టుబడి యుండును. ఈ రెండును గాలిలో ప్రక్కప్రక్కన ఉన్నను కలియవు. 1987లో మోలినా, ఆయన సహచరులు ప్రయోగశాలలో వానిని మంచుపై కలిపి చూచినారు. వెంటనే క్లోరిను వాయువు వెలువడినది. వసంతమున సూర్యరశ్మి తగిలినంతనే అది విడిపోయి ఓజోనును హరించును. నేరము జరుగు చోటు మబ్బే యన్నమాట.

ఆ మబ్బు దేనితో ఏర్పడినది? నత్రికామ్లము కలిసినదని 1986లోనే కొందరు ఊహించినారు. 1988లో హాన్సన్, మౌవర్స్‌బెర్గర్‌లు ఒక ఆమ్లపు అణువునకు మూడు నీటి అణువుల చొప్పున గల స్ఫటికముపై ఆవిరి పీడనమును కొలిచినారు. మంచు ఏర్పడుటకు ఇంకను ఆరేడు డిగ్రీల చలి కావలసియుండగానే, సుమారు సున్నకు దిగువ 78 డిగ్రీల వద్దనే, ఆ స్ఫటికము నిలువగలదని తేలినది.

చిక్కు తీరినట్లే తోచినది. కాని నిలువగలుగుట వేరు, పుట్టగలుగుట వేరు. గంధకామ్లము, నత్రికామ్లము, నీరు కలిసిన బిందువులు అంత చలిలోను గడ్డకట్టక ద్రవముగానే యుండునని 1990 తరువాతి ప్రయోగములు చూపినవి. స్ఫటికమునకు ఏదో ఒక విత్తు కావలెను.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. 2000 జనవరిలో ఆర్కిటిక్ గగనమున పరిశోధక విమానము చాల పెద్ద నత్రికామ్ల కణములను కనుగొన్నది. అట్టివి బరువుచే క్రిందికి జారి నత్రజనిని తమతో కొనిపోవును. క్లోరినును తిరిగి బంధింపవలసినది ఆ నత్రజనియే; అది లేనిచో ఓజోను నాశము మరికొన్ని వారములు సాగును. ద్రవబిందువులు అంత పెద్దవి కాజాలవు.

ఆ విత్తుకై వెదకినవారిలో కొందరి దృష్టి ఆకాశమున కాలిపోవు ఉల్కల ధూళిపై పడినది. 2018లో వెలువడిన ప్రయోగ ఫలితములలో, ఆ ధూళిని పోలిన ఖనిజపు పొడిపై నత్రికామ్ల బిందువులు గడ్డకట్టినవి.