పెదవి ఒకచోట, మాట ఒకచోట

పాత పెళ్ళి క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించుకుంటున్నవాళ్ళు నన్నడిగేది ఒకటే. "మంత్రం ముందొస్తోంది, పంతులుగారి పెదవి తర్వాత కదులుతోంది. ప్రివ్యూ చూస్తూ సరిచేశాం, కాసేపటికి మళ్ళీ తప్పింది. ఏం చెయ్యాలండీ?" ఈ తంటా టాకీలంత పాతది.

1926లో వార్నర్ సోదరులు వైటాఫోన్ పద్ధతిలో "డాన్ జువాన్" విడుదల చేశారు. బొమ్మ ఫిల్ము మీద, సంగీతం విడిగా 16 అంగుళాల గ్రామఫోన్ రికార్డు మీద. ఒక్కో రీలుకి ఒక్కో రికార్డు. రికార్డు మీది బాణం గుర్తు దగ్గర ముల్లు పెట్టి, ఫిల్ము మొదట్లో ఉన్న గుర్తుని గేటులో నిలబెట్టి, రెండింటినీ ఒకే మోటారుతో తిప్పేవారు. ఫిల్ము తెగనంతసేపూ బాగానే నడిచేది. తెగిందా, ఎన్ని ఫ్రేములు పోయాయో లెక్కపెట్టి అన్నే నల్ల ఫ్రేములు అతికించాలి. ఆపరేటరు బద్ధకిస్తే ఆ రీలయ్యేదాకా ఒకరి మాట ఇంకొకరి నోట్లోంచి వచ్చేది!

ఈ బాధ పడలేక 1930ల మొదట్లోనే హాలీవుడ్ ధ్వనిని ఫిల్ము అంచు మీదికి మార్చేసింది. అక్కడా ధ్వని తన బొమ్మ పక్కనే ఉండదు, సుమారు 20 ఫ్రేములు ముందుంటుంది. ఎందుకంటే బొమ్మ గేటులో ఆగి ఆగి కదలాలి, ధ్వని ఆగకుండా జారాలి. 1993లో "జురాసిక్ పార్క్"తో డీటీఎస్ వాళ్ళు మళ్ళీ డిస్కు తెచ్చారు. కానీ ఈసారి ఫిల్ము అంచున టైమ్‌కోడ్ ముద్రించారు. ఫిల్ము తెగి అతికినా ఆ గుర్తు చూసుకుని ధ్వని సరైన చోటికి చేరేది. నన్నడిగితే అసలు తెలివి అదీ.

టీవీది ఇంకో గొడవ. 1953లో అమెరికా రంగుల టీవీ కోసం సెకనుకు 30 ఫ్రేముల్ని 29.97 చేశారు. కంప్యూటర్లో దాన్ని 30 అనుకుంటే గంటకు 3.6 సెకన్లు తేడా వస్తుంది. ఇండియా క్యాసెట్టయితే 25, మరిచిపోకండి.

ఇక మీ పెళ్ళి వీడియో. ప్రివ్యూని వెంటనే నమ్మొద్దు. కంప్యూటరు అందుకోలేకపోతే బొమ్మల్ని వదిలేస్తూ ధ్వనిని మాత్రం నడుపుతుంది. ముందు ఒక నిమిషం ముక్క ఫైలుగా తీసి చూడండి. అందులోనూ తప్పుంటే, కొబ్బరికాయ పగిలిన చోట ఒకసారి, చివర్లో డోలు దెబ్బ పడ్డ చోట ఇంకోసారి ఆపి కొలవండి. తేడా రెండుచోట్లా ఒకటే అయితే ధ్వనిని అంత జరిపితే చాలు. పోనుపోను పెరుగుతుంటే వేగం లెక్క తప్పింది, జరిపి లాభం లేదు. నడుమ ఎక్కడో హఠాత్తుగా తప్పితే మాత్రం, ఎక్కించేటప్పుడే ఫ్రేములు పోయాయి. అప్పుడు మళ్ళీ ఎక్కించుకోవాల్సిందే. అందుకని ఫైలు మొదటినుంచి చివరిదాకా చూసేవరకూ క్యాసెట్టు పారెయ్యకండి. తాతగారి గొంతు ఇంకెక్కడా లేకపోవచ్చు.