భివండీ మొహల్లా కమిటీలు

మహారాష్ట్రలోని భివండీ పవర్‌లూముల పట్టణం. మన తెలుగు పద్మశాలీలు, ముస్లిం నేతపనివారు ఇరుగుపొరుగున బ్రతికే ఊరు. 1970లో ఒకసారి, 1984లో మళ్లీ అక్కడ ఘోరమైన ఫసాదులు జరిగినవి. 1988లో డి.సి.పి.గా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా మొహల్లాకూ హిందూ ముస్లిములతో కమిటీలు వేయించి, పోలీసులను వారి మధ్య కూర్చోబెట్టారు. చిన్న తగాదా వచ్చినా ఇరువైపులా వినాలి, ముదరకముందే సులహ్ చేయించాలి. కానిస్టేబులుకు ఇంతకన్నా మంచి తాలీమ్ ఏముంటుంది? గల్లీలో మనుషులను పేరుపేరునా ఎరిగినవాడు లాఠీ ఎత్తేముందు ఆలోచిస్తాడని మేమనుకుంటాము. (మన బస్తీ పెద్దలేమో కేసు పడ్డాకే ఠాణాకు పోతారు!) 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చారు. ఆ నెలలోనూ, 1993 జనవరిలోనూ బొంబాయి తగలబడింది. పట్టుమని 50 కిలోమీటర్లు లేని భివండీ మాత్రం ప్రశాంతంగా ఉన్నది.